ఆడోళ్ల మైకు

"ఆ డిప్పలు చెవులకు తగిలిచ్చుకుంటే పాలు పొంగేది గూడ తెల్వదు దీనికి" అని అత్త వంటింట్లోంచి అంటూనే ఉంది. నాకు వినబడుతూనే ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నంత మాత్రాన చెవులు నావి అయిపోతాయా? పాలు దించి, పాపకు జడవేసి, మహేందర్ చొక్కా ఇస్త్రీ చేసి మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కూర్చున్నానో లేదో "ఎస్తేరూ, నీళ్లొచ్చినయ్" అని కేక. వనపర్తిలో నల్లా ఎవరి కోసమూ ఆగదు. బిందెలు నింపి వచ్చేసరికి తడి చేతుల్లో మౌస్ జారుతోంది, పాట ఎక్కడ ఆపానో గుర్తు లేదు.

మా ఆయన మహేందర్‌ది మైక్‌సెట్ల షాపు. పెళ్లిళ్లకూ సభలకూ సౌండ్ పెడతాడు. ఈమధ్య సభల్లో పాడిన పాటలు కంప్యూటర్‌లో రికార్డు చేసి సీడీలు కూడా వేస్తున్నాడు. రికార్డు చేయడంతో ఆయన పని అయిపోతుంది, తెచ్చి నా ముందు పడేస్తాడు. ఆ తరువాత ఒక్కో మైకును విడిగా విని, గరగర తీసేసి, చెవులు చిల్లులు పడే చోట తగ్గించి, వినబడని చోట పెంచి, పాటను పాటలా చేసేది నేను. ప్లగిన్లని ఉంటాయి, పాటల సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే పనిముట్లు. పెళ్లికి ముందు చేసిన కంప్యూటర్ కోర్సు కొంత పనికొచ్చింది, మిగతాదంతా చెడగొట్టుకుంటూ నేర్చుకున్నాను. సీడీ అట్ట మీద మాత్రం 'రికార్డింగ్, మిక్సింగ్: మహేందర్'. నా పేరు కూడా వేయమంటే నవ్వాడు. "కూర ఎవలు వండిన్రని పెండ్లి కార్డుల రాస్తరా?" అన్నాడు. పోనీ సభకు వచ్చి మైకుల దగ్గర కూర్చుంటానంటే, "అంతమంది మొగోళ్ల నడుమ కూసుంటవా? మంది ఏమనుకుంటరు?" అన్నాడు. గిన్నెలు తోమేటప్పుడల్లా వీటికి జవాబులు వెతుకుతూనే ఉంటాను.

ఇప్పుడు చేతిలో ఉన్నది ఆత్మకూరు చర్చిలో జరిగిన పాటల సభ. వీపనగండ్ల నుంచి వచ్చిన ఆడవాళ్ల బృందం అందులో ఒక పాట పాడింది. కూలికి పోయి వచ్చి సాయంత్రాలు కూడబలుక్కుని నేర్చుకున్న పాట. వాళ్ల గొంతు సీడీలోకి ఎక్కడం ఇదే మొదలు. ఈ మధ్యాహ్నం వినడానికి వస్తున్నామని కబురు పెట్టారు. కంప్యూటర్‌లో వాళ్ల మైకు చప్పుడును చూపించే గీత తెరిచి చూస్తే, పాట మొదలైన కాసేపటికే అది చదునుగా పడుకుని ఉంది. చప్పుడే లేదు.

"ఆ పాట తీసేయ్" అన్నాడు మహేందర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "మైకు ఖరాబైంది. వాళ్లకు గదే చెప్పు."

"పాపం, అంత దూరంకెల్లి వస్తుండ్రు..."

"వస్తే చాయ్ పోయ్. నేను కొత్తకోటకు పోయొస్త."

ఆయన వెళ్లాక బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వచ్చాను. పక్కనున్న ఢోలక్ మైకు విన్నాను. దరువు వెనుక, ఎక్కడో దూరంగా, ఆడవాళ్ల గొంతులు! తమ మైకులోకి రాని పాట పక్క మైకులోకి కొంచెం కొంచెంగా చేరింది. ఒక ప్లగిన్‌తో దరువు తగ్గించాను. తరువాత కంప్రెసర్ తగిలించాను. అది గట్టి చప్పుళ్లను అణిచి మెల్లని వాటిని పైకి తెస్తుంది. ఇంట్లో వాడుకోవడానికి ఇలాంటిదొకటి దొరికితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. పెంచుతూ పోయాను. బృందానికి పెద్ద అయిన జమ్ములమ్మ గొంతు పైకి లేచింది. దాంతోపాటే ఇంకో గొంతు కూడా లేచింది. ఢోలక్ పక్కనే కూర్చుని మైకులు చూసుకుంటున్న మా ఆయనది.

"ఆడోళ్ల మైకు బంద్ జేసిన. ఇంట్ల మొత్తుకునేది సాలదా, ఈడ గూడనా?"

ఎవరో పకపకా నవ్వారు.

మళ్లీ పెట్టి విన్నాను. మైకు ఖరాబు కాలేదు. అరికాలి నుంచి మంట లేచింది. అంత కోపంలోనూ నా చెయ్యి అలవాటు కొద్దీ ఆ మాటలను కత్తిరించడానికే పోయింది. పల్లవి ఇంకోసారి వచ్చిన చోటు నుంచి ముక్క తెచ్చి అక్కడ అతికిస్తే ఎవరికీ తెలియదు. పాటా నిలుస్తుంది, ఇంటి మర్యాదా నిలుస్తుంది. ఈయన అన్న మాటలు అమ్మకు చెప్పేటప్పుడు ఇలాగే కదా, అనకూడనివి తీసేసి మంచివి అతికించి చెబుతాను. "మంచిగనే చూసుకుంటడమ్మా" అంటాను. లోపలి నుంచి అన్నం మాడిన వాసన వచ్చింది. పోయి పొయ్యి ఆపేశాను. తిరిగి వచ్చి, ఆ ముక్కను కత్తిరించకుండా పాటను అలాగే భద్రపరిచాను.

మధ్యాహ్నం బస్సు దిగి జమ్ములమ్మ వాళ్లు వచ్చారు. వాళ్ల వెనకే మహేందర్ కూడా వచ్చాడు. చెప్పులు విడవకముందే "ఎస్తేరూ, చాయ్" అన్నాడు. నేను లేవలేదు. పాట పెట్టాను.

స్పీకర్లలోంచి తమ గొంతులు రాగానే ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. జమ్ములమ్మ కళ్లు మూసుకుని తలాడిస్తోంది. అంతలో ఆ మాట వచ్చింది. ఆ నవ్వు వచ్చింది. తలాడించడం ఆగిపోయింది.

"గది తీసేయాలె గద! తీసుడు రాదా నీకు?" మహేందర్ ముఖం నల్లబడింది.

"వస్తది. దినాం చేసేది గదే" అన్నాను.

జమ్ములమ్మ ఆయన వైపు చూడనే లేదు. పాట చివరిదాకా విని, చెంగు దులుపుకుని నా వైపు తిరిగింది.

"మల్ల పాడుతం బిడ్డా. గద్వాల సభ ఉంది గద. ఆడ మా మైకు ఎవలు చూసుకుంటరు?"

మహేందర్ ఏదో అనబోయాడు. వంటింట్లోంచి అత్త చాయ్ సంగతి అడుగుతోంది.

"నేను కూసుంట పెద్దమ్మా" అన్నాను. నా గొంతు వణికింది. వణికినా, అందరికీ వినబడింది.