కొండమీద దేవకుమారి రాసిన పేజీ

కొండ కొమ్మున రేకు డబ్బాలో ఒక పుస్తకం ఉంటుందనీ, ఎక్కినవాళ్లు అందులో పేర్లు రాస్తారనీ దైవాశీర్వాదానికి భార్య పోయాకే తెలిసింది. చెప్పినవాడు చర్చిలో తోటివాడు ప్రేమానందం.

"నిరుడు చర్చి రిట్రీట్‌కి వెళ్లినప్పుడు మేమందరం కొండెక్కి, సంతకాలు పెట్టి దిగాం అన్నా. వదిన మాత్రం పేజీ నిండా రాసింది. చూడబోతే చెయ్యి అడ్డం పెట్టింది."

ఆ మాట దైవాశీర్వాదం చెవిలో జోరీగలా తిరిగింది. ఆ రోజు మోకాళ్ల నొప్పని చెప్పి అతను కింద కారులోనే కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో దేవకుమారి అతనికి రాసినవి కిరాణా చీటీలే. పేజీ నిండా ఏం రాసి ఉంటుంది? ఎవరి మీద?

1984 సెప్టెంబరులో అతనూ ప్రేమానందమూ తాముండే ఇర్వింగ్ నుంచి ఆ కొండ ఉన్న కొలరాడో వచ్చారు. తెల్లవారేసరికి ముసురు పట్టి కొండే కనపడలేదు.

"రేపు వెదర్ బావుంటుందట. రేపు ఎక్కుదాం అన్నా."

"ఇవాళే."

"మరి మోకాళ్లో?"

"వాటి సంగతి నీకెందుకు? నడు."

పొగమంచులో పదడుగుల అవతల ఏమీ లేదు. దైవాశీర్వాదానికి కావలసిందదే. పక్కన లోయ ఉన్నట్టు కళ్లకు తెలియకూడదు. బూటు ముందు రాయి, దాని ముందు మరో రాయి, అంతే చూస్తూ ఎక్కాడు. వెనక ప్రేమానందం కీర్తన ఎత్తుకుంటే, "ఊపిరి దాచుకో" అని కసిరాడు.

పైన రాళ్లగుట్టలో డబ్బా దొరికింది. వానకు వీపు అడ్డం పెట్టి పేజీలు తిప్పాడు. ఇంగ్లీషు పేర్ల మధ్య పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు. ఇదీ చర్చి గుమ్మం దగ్గర పెట్టే ప్రార్థన మనవుల పుస్తకంలాంటిదే అనుకుంది దేవకుమారి. ఆ పద్ధతిలోనే రాసింది.

"ప్రభువునందు ప్రియులారా, మా వారి మోకాళ్లు బాగానే ఉన్నాయి. ఆయనకు ఎత్తంటే భయం. నాకు తెలుసని ఆయనకు తెలియనివ్వకండి. ఆ భయం పోయి ఒక్కసారి నాతో పైకి రావాలని ప్రార్థించండి."

రెండుసార్లు చదివాడు. ఎన్నేళ్ల నుంచి తెలుసో! అతన్ని అడగవలసింది. అడగకుండా, తెలుగు ముక్క రాని దారినపోయేవాళ్లకు మొరపెట్టుకుంది.

"ఏం రాసింది అన్నా?"

"నా మోకాళ్లు బాగుపడాలని."

"పడ్డాయిగా మరి!"

గాలి మళ్లింది. పొగమంచు చిరిగి, కాళ్ల పక్కనే లోయ తెరుచుకుంది. అడుగున వాళ్ల కారు గోళీకాయంత ఉంది. దైవాశీర్వాదం గుట్టను వాటేసుకుని కూలబడ్డాడు.

"మళ్లీ మోకాళ్లా అన్నా?"

అతను పుస్తకం డబ్బాలో పెట్టి మూత బిగించాడు.

"కాదు. భయం. చెయ్యివ్వు."