నేనడిగిన అరకేజీ లెన్సు

నేను అడిగింది ఒక్కటే. తేలిగ్గా ఉండే జూమ్ లెన్సు. బందరులో శోభనాద్రి గారి కెమెరా షాపులో, కౌంటర్ ముందు నిలబడి, శుభ్రంగా తెలుగులోనే అడిగాను. "అరకేజీకి అటూ ఇటూగా ఉండాలండీ. ఎదురుగా ఉన్న కొండంతా పట్టాలి, దూరాన ఉన్న పిట్టా దగ్గరగా పడాలి. దారిలో లెన్సు మార్చే పని ఉండకూడదు." ఆయన అంతా విని, తలూపి, నా పక్కనున్న మా ఆయన వైపు తిరిగి, "సార్, ఎంతలో చూస్తున్నారండీ?" అన్నాడు.

చూడండి మరి! కెమెరా నాది, నడిచేది నేను. మా ఆయన రత్తయ్య గారికి తన ఐసు ఫ్యాక్టరీ తప్ప వేరే లోకం లేదు. లెన్సుకి ముందేదో వెనకేదో కూడా తెలీదు. అయినా సారు ఆయనే.

నా సంగతి చెప్తాను. నా పేరు రాఘవమ్మ. గూడూరు హైస్కూల్లో పాతికేళ్ళుగా బయాలజీ చెప్తున్నాను. మంగినపూడి దగ్గర సముద్రం మీద వేటకెళ్ళే వాళ్ళింట్లో పుట్టాను, ఇసకలో, బురదలో నడక నాకు కొత్త కాదు. ఆగస్టులో మా టీచర్లం ఎనిమిదిమందిమి హిమాలయాల్లో పూలలోయకి ట్రెక్కింగ్ వెళ్తున్నాం. ఎవరి సంచీ వాళ్ళే మోసుకోవాలి. మూడేళ్ళ క్రితం నాకు రొమ్ము ఆపరేషన్ అయింది. చంకలో గడ్డలు కూడా తీశారు కాబట్టి కుడిచేతి మీద బరువు పడితే వాచిపోతుంది. ఆస్పత్రి మంచం మీదున్నప్పుడే అనుకున్నాను, నా కాళ్ళతో కొండెక్కి నా చేత్తో ఫోటో తీస్తానని. ఎవరూ మొయ్యకుండా, ఎవరూ పట్టుకోకుండా. అంతే నా కోరిక. ఆపరేషన్ సంగతి షాపులో చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? జబ్బులు చెప్పుకుని చెప్పులు కొంటామా ఎక్కడైనా?

శోభనాద్రి గారు మా ఇంట్లో ఆవకాయ జాడీ అంత లెన్సొకటి తీసి మా ఆయన చేతిలో పెట్టాడు. కేజీన్నర. "పెళ్ళిళ్ళకి అందరూ ఇదే వాడతారు సార్. పెళ్ళికూతురి వెనకాల బ్యాక్‌గ్రౌండు వెన్నలా కరిగిపోద్ది."

"నేను పెళ్ళిళ్ళు తియ్యనండీ. కొండెక్కేది కొండ కనపడాలని. అదే కరిగిపోతే ఇంకెందుకు ఎక్కడం?"

"మేడమ్ గారు భలే మాట్లాడతారు సార్," అని నవ్వాడు. మా ఆయనా నవ్వారు. నేను చూపించమన్న చిన్న లెన్సుని మాత్రం అద్దాల బీరువాలోంచి బయటికి కూడా తియ్యలేదు. "అది కొత్తగా నేర్చుకునే పిల్లలకండీ. మీ స్థాయికి బాగోదు." లెన్సులో స్థాయేంటి నా తలకాయ! ఒళ్ళు మండి బయటికొచ్చేశాను.

మర్నాడు బడి నుంచి ఇంటికొస్తే టేబుల్ మీద ఆ జాడీ. కొనేశారు! నాకు మాటమాత్రం చెప్పకుండా! కొబ్బరికాయ కొట్టి, లెన్సు ఒంటికి పసుపు రాసి, కుంకుమ బొట్టు కూడా పెట్టారు, ఫ్యాక్టరీకి కొత్త మోటారొస్తే పెట్టినట్టు. వీధిలో వాళ్ళందరికీ చూపించడం కూడా అయిపోయిందట.

"ఏవండీ, నేనడిగింది ఇదేనా?"

"మంచిది కొన్నాను రాఘవా. నీకు తక్కువరకం దేనికి?"

"దీన్ని నేను మొయ్యగలనా?"

"నువ్వెందుకు మోస్తావు? నేను లేనూ? కొండకి నేనూ వస్తా, నేనే మోస్తా."

ప్రేమేనండీ, కాదనను. ఆస్పత్రిలో అన్ని రోజులూ నా మంచం పక్కనే స్టూలు మీద కూర్చున్న మనిషి. కానీ ఆ ప్రేమతోనే నన్ను మళ్ళీ అదే మంచం ఎక్కిస్తున్నారు. ఈ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. "సరే, మోసి చూపించండి," అన్నాను.

మా వైపు కొండలెక్కడివి, ఎత్తంటే కరకట్టే. అందుకని రెండో శనివారం, బడి లేని రోజు చూసి పొద్దున్నే నాగాయలంక వెళ్ళి, యలమంద అనే అతని పడవ మాట్లాడుకుని మడ అడవిలోకి వెళ్ళాం. అక్కడ దిగి మోకాటిలోతు బురదలో నడిస్తే కొండెక్కినంత ఆయాసం. ముందు యలమంద, వెనక నేను, నా వెనక కెమెరా మెడలో వేసుకుని మా ఆయన.

పావుగంట నడిచామో లేదో, యలమంద ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. పాయకి అవతలి గట్టు మీద నీటికుక్కలు, పుస్తకాల్లో ఆటర్లంటారే, అవి! తల్లి, దాని వెనక రెండు పిల్లలు. ఒక పిల్ల బురదలో జారిపోతుంటే తల్లి మెడ పట్టుకుని పైకి లాగింది. ఇన్నేళ్ళూ పాఠంలో చెప్పడమే కానీ కళ్ళారా చూడడం అదే మొదలు. కెమెరా కోసం చెయ్యి వెనక్కి చాపాను. చేతిలో ఏమీ పడలేదు. తిరిగి చూస్తే మా ఆయన అల్లంత దూరాన, చెట్టుకి ఆనుకుని, వాళ్ళ తమ్ముడికి వీడియో కాల్ చేసి లెన్సు చూపిస్తున్నారు. "ఎంతుందో చూడరా!" అని ఒకటే అరుపు. ఆ అరుపుకి మూడూ బుడుంగున మునిగిపోయాయి.

"పోతే పోయాయిలే, మళ్ళీ వస్తాయి," అన్నారు వచ్చి.

నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు, అది ఇంకా దిక్కుమాలిన ఏడుపు. "రావండీ! మీరొచ్చేదాకా ఆగడానికి అవి మీ ఫ్యాక్టరీలో పనివాళ్ళు కాదు. కెమెరా నా మెడలో ఉంటేనే అది నా కెమెరా."

అక్కణ్ణించి నేరుగా బందరు, మళ్ళీ శోభనాద్రి గారి షాపే. లెన్సూ, దాని అట్టపెట్టే, బిల్లూ కౌంటర్ మీద పెట్టి, ఇది తీసుకుని నేనడిగింది ఇవ్వమన్నాను. ఆయన లెన్సు ఇటూ అటూ తిప్పాడు. రింగుల సందుల్లో పసుపు దిగి ఉంది. "బొట్టు పెట్టేశాక ఇది కొత్తదెలా అవుద్దండీ? వెనక్కి తీసుకోడం కుదరదు సార్," అన్నాడు. అప్పుడు కూడా సారుకే చెప్పాడు!

"మొన్న నేనడిగింది ఇదా? అసలు నా మాట విన్నారా మీరు?" అని గొంతు పెంచాను. షాపులో ఉన్న నలుగురు పెళ్ళి ఫోటోగ్రాఫర్లూ తలలు తిప్పారు. ఇంతలో మా ఆయన కౌంటర్ మీదకి వంగి, గొంతు తగ్గించి, "ఏమనుకోకండి. ఆవిడకి క్యాన్సర్ ఆపరేషన్ అయిందండీ. రొమ్ము తీసేశారు. బరువు మొయ్యకూడదు," అన్నారు. గొంతు తగ్గించారు కదా, అందరికీ ఇంకా బాగా వినపడింది.

నలుగురి చూపులూ నా పవిట మీద పడి, చటుక్కున పక్కకి తప్పుకున్నాయి. నిలువునా కాలిపోయాను.

శోభనాద్రి గారి మొహమే మారిపోయింది. "అయ్యయ్యో! ముందే చెప్పుంటే బాగుండేది కదమ్మా," అంటూ కుర్చీ జరిపాడు, మంచినీళ్ళిచ్చాడు. పసుపు మాట మళ్ళీ ఎత్తకుండా పెద్ద లెన్సు వెనక్కి తీసేసుకున్నాడు. చిన్న లెన్సు బీరువాలోంచి తీసి, గుడ్డతో తుడిచి, రెండు చేతులతో నా ముందు పెట్టాడు.

నేను కూర్చోలేదు. లెన్సు బిగించి, ఎడంచేత్తో కెమెరా ఎత్తి గుమ్మంలోంచి చూశాను. ఎదురుగా ఉన్న మేడలన్నీ పట్టాయి, జూమ్ చేస్తే మేడ మీద తీగకి ఆరేసిన చీర అంచు కూడా తెలుస్తోంది. చేతికి బరువే లేదు. నేననుకున్నదే ఇది.

"ముందే చెప్పానండీ," అన్నాను. "తేలిక లెన్సు కావాలని మొదటిరోజే చెప్పాను. ఆపరేషన్ కాకపోయినా ఇదే అడిగేదాన్ని. నడిచేవాళ్ళకి కావలసింది ఇదే. ఉన్న నోటితో అడిగితే ఎవరికీ వినపడలేదు. లేని రొమ్ము సంగతి చెప్తే వినపడిందా?"

కెమెరా మెడలో వేసుకుని మెట్లు దిగాను. మా ఆయన వెనకాలే వచ్చారు. కోనేరు సెంటర్లో ఆగి, "పాపం, పెద్దాయన. నలుగురిలో అంత మాట అనకుండా ఉండాల్సింది రాఘవా," అన్నారు.

"నేనన్నది ఆయన్ని కాదండీ," అన్నాను. "మిమ్మల్ని."