మనిషి లేని పాట

డిస్కో అంటే ఏమిటన్న విషయం మీద మా నలుగురికీ పదకొండేళ్ళుగా ఏకాభిప్రాయం లేదు. ఉండి ఉంటే ఆదివారం పొద్దున్నే ఇళ్ళు వదిలి వచ్చి ఒకరి మొహం ఒకరం చూసుకోవాల్సిన ఖర్మ ఏముంది? మేం కలిసేది మాలో ఒకడైన లిఫ్టు మెకానిక్ వర్క్‌షాపు పై గదిలో. కింద గ్రీజు వాసన, ఇనప తాళ్ళ చుట్టలు. పైన రెండు పెద్ద స్పీకర్లు, ఒక రికార్డు ప్లేయరు, స్ప్రింగులు పైకి పొడుచుకొచ్చిన సోఫా, గోడల నిండా రికార్డుల అరలు.

బేకరీ ఆయనది తేలిక లెక్క. కాలు కదిలితే డిస్కో, కదలకపోతే కాదు. టీచరమ్మ స్కూల్లో జాగ్రఫీ చెబుతుంది; వయొలిన్లు లేని పాటని ఆవిడ చచ్చినా డిస్కో అని ఒప్పుకోదు. లిఫ్టు మెకానిక్‌కి యంత్రాలంటే ప్రాణం కాబట్టి, మనిషి లేకుండా దరువేసే డ్రమ్ మెషిన్లు అంతటా పాకిన ఎనభైల మొదట్లోనే అసలు స్వర్ణయుగం మొదలైందంటాడు. ఆ ఒక్క మాట మీద అతనితో నేను ఎన్నిసార్లు మాటలు మానేశానో లెక్క లేదు.

నాది చెయ్యి సిద్ధాంతం. నాలుగు లెక్కలకీ నాలుగు డ్రమ్ము దెబ్బలు సమానంగా పడాలి, అది అందరూ ఒప్పుకునేదే. కానీ ఆ దెబ్బ మనిషి వేయాలి. ఎంత బాగా వాయించినా మనిషి ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి ముందో వెనకో పడతాడు. డిస్కో ఉన్నది ఆ వెంట్రుకవాసిలోనే. డెబ్బై నాలుగు నుంచి డెబ్బై తొమ్మిది దాకా ఆ చెయ్యి వినిపిస్తుంది. తర్వాత వచ్చిందంతా పిండిమర. నేను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాను. వెంట్రుకవాసి అంటే ఏమిటో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని నా పొగరు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరైనా కొత్త రికార్డు తెస్తే మధ్యలో లేబులు మీద తెల్లకాగితం అంటించి తేవాలి. అట్ట చూపించకూడదు. పాట విని ఏ ఏడాదిదో, చెయ్యో మెషినో చెప్పాలి. అందరూ చెప్పాక చివర నేను తీర్పిస్తాను. అప్పుడు తెచ్చినవాళ్ళు కాగితం పీకి లేబులు చదువుతారు. పదకొండేళ్ళలో నేను తప్పింది మూడుసార్లు. అందుకే అక్కడ నన్ను క్యాలెండరు అంటారు. పైకి విసుక్కుంటాను గానీ ఆ పేరు నాకు ఇష్టం.

మా బావని ఆ గదికి తీసుకెళ్ళింది నేనే. బావంటే మా అక్క భర్త. ముప్పై ఏళ్ళు అచ్చు యంత్రం నడిపి రిటైరైన మనిషి. అడిగితే గాని నోరు విప్పడు. "ఇంట్లో కూర్చుని రెండు పుల్లలతో దిండు మీద టకటకా కొడుతూ నా ప్రాణం తోడేస్తున్నాడురా, నీతో తీసుకుపో" అని అక్క పోరుపెట్టింది. ఆ దిండు గోల ఆ ఇంట్లో నేను ఎప్పటినుంచో వింటున్నదే. ఏదో అలవాటనుకున్నాను, ఎందుకని ఎన్నడూ అడగలేదు. మూడు ఆదివారాలు బావ తలుపు పక్క కుర్చీలో కూర్చుని మా అరుపులు విన్నాడు. నాలుగో ఆదివారం చంకలో ఒక రికార్డుతో వచ్చాడు. లేబులు మీద కాగితం చక్కగా గుండ్రంగా కత్తిరించి అంటించి ఉంది.

"ఎక్కడిది బావా?" అన్నాను.

"పాతది. ఊరికే. మీరేమంటారో చూద్దామని."

ముల్లు దించారు. డ్రమ్ములతో మొదలైంది, తర్వాత గిటారు, ఆ పైన వయొలిన్లు. టీచరమ్మ మొహం విప్పారింది. బేకరీ ఆయన కాలు ఆడించడం మొదలుపెట్టాడు. నేను డ్రమ్ము ఒక్కటే పట్టుకుని విన్నాను. దెబ్బ తర్వాత దెబ్బ, ఒకే బరువు, ఒకే దూరం. ఎక్కడా ఈగ దూరే సందు లేదు. ఒక నిమిషం కూడా గడిచిందో లేదో, మిగతావాళ్ళ వంతు రాకముందే నేను చెయ్యెత్తాను.

"మెషిను. ఎనభై రెండు, కాకపోతే ఎనభై మూడు. పైన వయొలిన్లు పూసి మోసం చేశారంతే. ఇందులో మనిషి లేడు."

"ఇంత త్వరగానా?" అన్నాడు లిఫ్టు మెకానిక్.

"శవానికి నాడి ఎంతసేపు చూస్తావయ్యా?" అన్నాను.

అందరూ నవ్వారు. నవ్వించానన్న ఉత్సాహంలో ఇంకో రెండు మాటలు కూడా అన్నాను. ఇలాంటివి వాయించడానికి కళాకారుడక్కర్లేదు, కరెంటు బిల్లు కట్టేవాడుంటే చాలన్నాను. ఈలోగా పాట నడుస్తూనే ఉంది. వయొలిన్లు ఒక్కసారిగా ఆగిపోయి డ్రమ్ములు ఒంటరిగా మిగిలే చోటు వచ్చింది. అక్కడ ఒక దెబ్బ ఆలస్యంగా పడింది.

చాలా కొంచెం. వెంట్రుకవాసి. మెషిన్ అలా పడదు. పుల్ల చేతిలో చెమటకి జారితే అలా పడుతుంది.

నాకు వినిపించింది. ఇది నేను ఎవరికీ చెప్పని సంగతి కాబట్టి ఇంకోసారి చెబుతున్నాను, నాకు స్పష్టంగా వినిపించింది. గదిలో ఇంకెవరికీ వినిపించలేదు. టీచరమ్మ టీ పోస్తోంది, మిగిలిన ఇద్దరూ ఇంకా నవ్వుతున్నారు. "ఆగండి, నేను తప్పు చెప్పాను" అంటే సరిపోయేది. కానీ అంత సమానంగా కొట్టగల మనిషంటూ ఒకడుంటే, పదకొండేళ్ళుగా నేను కోస్తున్న కోతలన్నీ ఏమైపోవాలి? "ఇంకెందుకు, తీసెయ్" అన్నాను. లిఫ్టు మెకానిక్ ముల్లు ఎత్తేశాడు.

కాగితం పీకమని టీచరమ్మ బావకి అందించింది. బావ పీకలేదు.

"అక్కర్లేదు లెండి. సరిగ్గానే చెప్పాడు" అని రికార్డుని కవరులో పెట్టేసుకున్నాడు. చేతులు కొద్దిగా వణికాయి. పద్ధతి ప్రకారం లేబులు చదవాల్సిందే. కానీ అడ్డు చెప్పాల్సినవాణ్ణి నేనే. టీ గ్లాసు అందుకున్నాను.

బుధవారం అక్కకి కొత్త కళ్ళజోడు ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాను. బావ క్షవరానికి వెళ్ళాడు. అక్క జోడు పెట్టుకుని కిటికీలోంచి ఎదురింటి బోర్డు చదివి చూసుకుంది. తర్వాత నా వంక తిరిగింది.

"ఆదివారం మీ దగ్గర ఏం జరిగిందిరా?"

"ఏం జరిగింది?"

"ఆ పుల్లలు తీసుకెళ్ళి అటక మీద పడేశాడు. పెళ్ళైన దగ్గర్నుంచి ఒక్క రోజు మానలేదు. జ్వరమొచ్చినా కొట్టేవాడు. ఇప్పుడు ముట్టుకోవడం లేదు. గోల తప్పిందని సంతోషపడాలా, భయపడాలా నాకు తెలియడం లేదు."

"అసలా పుల్లలేంటక్కా?"

అక్క నన్ను వింతగా చూసింది. "నీకు తెలియదా? ప్రెస్సులో చేరకముందు ఒక రికార్డింగు స్టూడియోలో వాయించేవాడుగా. ఒకే ఒక్క పాట. తర్వాత వాళ్ళు ఏదో మెషిన్ తెచ్చుకుని పొమ్మన్నారు. ఎవరికీ చెప్పొద్దంటాడు, సిగ్గు. ఆ పాటే మొన్న మీకు వినిపించడానికి తీసుకెళ్ళాడనుకున్నాను."

రికార్డు, దాని అట్ట టేబులు మీదే ఉన్నాయి. అట్ట తిప్పి చూశాను. వెనక సన్నటి అక్షరాల్లో వాయించినవాళ్ళ పేర్లు. డ్రమ్స్ అని ఉన్నచోట బావ పేరు. ఏడాది డెబ్బై ఎనిమిది. లేబులు మీద ఆయన కత్తిరించిన కాగితం అలాగే ఉంది. తల కొట్టేసినట్టయింది. అక్క ఏదో అడుగుతూనే ఉంది. దుకాణంలో పనుందని చెప్పి బయటపడ్డాను.

ఆ మూడు రోజులూ నేను మనిషిని కాను. అన్నం ముందు కూర్చుంటే "శవానికి నాడి" అన్న మాట నా గొంతుతోనే నాకు వినబడేది. ఒక పెద్దాయనకి ఎడమ కంటి అద్దం కుడివైపు బిగించి ఇచ్చాను. ఆయన మెట్ల మీద తూలి పడబోయి వెనక్కి వచ్చి మా యజమాని ముందు నన్ను దులిపేశాడు. తిట్లు హాయిగా అనిపించాయి. తెలియక అన్నానని సర్దుకుందామంటే ఆ ఆలస్యపు దెబ్బ అడ్డొచ్చేది. తెలియక అన్నది మొదటి మాట ఒక్కటే. తర్వాత ముల్లు తీయించింది తెలిసే. ఒక మనిషి జీవితంలో చేసిన ఒకే ఒక్క పని, దాన్ని పట్టుకుని నలుగురిలో శవమన్నాను. అది శవం కాదని తెలిశాక కూడా పూడ్చేశాను.

ఆదివారం గంట ముందే వాళ్ళింటికి వెళ్ళాను. ముందు బావకి చెప్పి, ఆ తర్వాత గదిలో అందరి ముందూ ఒప్పుకోవాలని నిర్ణయం. బావ అప్పటికే స్నానం చేసి, చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన పాడగా నేను వినలేదు. నన్ను నొప్పించకూడదని పైకి అలా ఉన్నాడనుకుని నా ప్రాణం ఇంకా చచ్చింది.

"త్వరగా వచ్చావే. కూర్చో, రెండు నిమిషాలు" అన్నాడు.

"బావా, నీకో మాట చెప్పాలి. నేను అట్ట చూశాను. అది వాయించింది నువ్వేనని తెలిసింది."

బావ నవ్వాడు. "మీ అక్క నోట్లో నువ్వుగింజ నానదు కదా."

"అది కాదు. నేను దొంగమాట అన్నాను. వయొలిన్లు ఆగాక ఒక దెబ్బ ఆలస్యంగా పడింది. నాకు వినబడింది. వాయించింది మనిషేనని అప్పుడే తెలిసిపోయింది. నా మాట పోతుందని ముల్లు తీయించాను. క్షమించు బావా. ఇవాళ అందరి ముందూ చెబుతాను."

ఇస్త్రీపెట్టె చొక్కా చెయ్యి మీద ఆగింది. బావ దాన్ని ఎత్తి నిలబెట్టాడు. నవ్వు మొహం మీద కాసేపు అలాగే ఉండి, మెల్లగా పోయింది.

"పాట మొత్తం వినకుండా ఎందుకు తీయించావా అనుకున్నాను" అన్నాడు. "నువ్వు తొందర మనిషివి కదా, అందుకేలే అనుకున్నాను."

బావ ఇస్త్రీపెట్టెని పక్కకి జరిపాడు.

"స్టూడియో ఆయన ఏమన్నాడంటే, మూడు నాలుగు నెలల్లో మెషిన్ వస్తోంది, దానంత సమానంగా కొట్టగలిగితే నిన్నే ఉంచుతాను అన్నాడు. మూడు నెలలు దిండు మీద కొట్టాను. శబ్దం బయటికి పోకూడదుగా, అద్దె గది. వేళ్ళు చీలిపోయేవి. పాట రికార్డు చేశారు. బాగుందన్నారు. పదిహేను రోజులకి మెషిన్ వచ్చేసింది." ఆయన చొక్కా మడత సరిచేశాడు. "నేను దానికేం తక్కువని ఇన్నేళ్ళూ అనుకుంటూనే ఉన్నాను. ఎవరిని అడగను? మీ గదిలో నీ మాట విన్నాను. చెయ్యో మెషినో వీడు పట్టేస్తాడు కదా, వీణ్ణే అడుగుదాం అనుకున్నాను."

"బావా..."

"మెషిన్ అన్నావు. ఇందులో మనిషి లేడన్నావు. ఆ మాటే కావాలి నాకు. కాగితం పీకితే మీరంతా మొహమాటానికి పొగుడుతారని పీకలేదు. ఇంటికొచ్చి పుల్లలు పైన పెట్టేశాను. ఇంకెందుకు, పని అయిపోయిందిగా."

ఆయన చేతులు వణికింది బాధతో కాదని అప్పుడు తెలిసింది.  "నేను తప్పు విన్నానేమో బావా. అప్పుడు అందరూ నవ్వుతున్నారు కూడా. నా చెవులు ఇదివరకటిలా లేవు" అన్నాను. ఎంత చేతకాని అబద్ధమో నాకే తెలుస్తోంది.

"వయొలిన్లు ఆగాక రెండో వరసలో మూడో దెబ్బ" అన్నాడు బావ. "పుల్ల జారింది. ఇంకోసారి తీద్దామంటే టేపు లేదన్నారు. అది ఎవరికీ వినబడదులే అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. మొన్న నువ్వు కూడా పట్టుకోలేదంటే, ఇక నిజంగానే లేదనుకున్నాను."

లోపల్నుంచి అక్క టీ తెచ్చింది. మా ఇద్దరి మొహాలూ చూసి, కప్పులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. బావ ఇస్త్రీ స్విచ్చి ఆపాడు. చొక్కా ఒక చెయ్యి నలిగే ఉంది.

"నువ్వు వెళ్ళు, వాళ్ళు ఎదురుచూస్తుంటారు. నేను ఇవాళ రాను" అన్నాడు. "నిజం చెప్పావు, మంచిదే." గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

టీ ముట్టకుండానే లేచాను. నాలుగు అంతస్తుల మెట్లు దిగి రోడ్డు మీద పడ్డాను. తప్పు ఒప్పుకుంటే మనసు తేలికపడుతుందని అందరూ అంటారు. మెట్లు దిగుతుంటే నా మనసు నిజంగానే తేలికపడింది. నా మీద నాకు ఇప్పటికీ అసహ్యం వేసేది అందుకే.