పెద్దసార్లు వచ్చేదాకా

నాచారం ఫ్యాక్టరీలో ట్యాంకర్‌కు నీళ్లు పడుతుంటే డ్రైవర్ కనకరాజు టైరు నీడన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. మోచేతుల దాకా గ్రీజు మరకలు, మెడలో రంగు వెలిసిన తువ్వాల. జనగామ దిక్కు బోరు ఎండిపోయి పొట్ట చేత పట్టుకుని పట్నం వచ్చినవాడికి చివరికి నీళ్ల బండే బతుకైంది. చిల్కానగర్‌లో అతని అద్దె గదికి మాత్రం భార్య వీధి చివర నుంచి నీళ్లు మోసుకొస్తుంది. ఆ మాట ఎవరైనా ఎత్తితే కనకరాజుకు మండుకొస్తుంది.

ఘట్‌కేసర్ అవతల ఒక ఊరిని ఆ ఫ్యాక్టరీ నడిపే కంపెనీ దత్తత తీసుకుంది. తాగునీళ్ల ఫిల్టర్ కట్టించి, దాని గోడ మీద పచ్చటి చెట్టునీ నవ్వే పిల్లల్నీ వేయించింది. అంతా బాగానే ఉంది, బోరే వట్టిపోయింది. అందుకని పెద్దసార్లు చూడటానికొచ్చే రోజున కనకరాజు వెళ్లి ఫిల్టర్ ట్యాంకు నింపాలి. నల్లా తిప్పి ఫొటో దిగడానికి వాళ్లొచ్చేదాకా దాని తాళం తియ్యకూడదు. వాళ్లు నాటే మొక్కలకు పోయగా మిగిలినవే ఊరికి. ఇదీ మన దత్తత!

ఆరోజూ పొద్దున్నే ట్యాంకు నింపి తాళం వేశాడు. నల్లా ముందు బిందెల వరస లేచింది. అందరికంటే ముందు సాలమ్మ. ఇన్నాళ్లూ ఊరి ఫ్లోరైడు బోరునీళ్లు తాగీ తాగీ మోకాళ్లు వంకరపోయిన ఒంటరి ముసలామె.

"తమ్మీ, ఒక్క చెంబు పొయ్యరాదు. నోరు ఎండుకపోతాంది."

కనకరాజు జేబులో తాళంచెవి తడుముకున్నాడు. పోయినసారి ఒక పసిపిల్లకు ముందే నీళ్లు పట్టినందుకు, కంపెనీ తరపున ఊరి పనులు చూసే మహిపాల్ సారు అందరి ముందు తిట్టి, కొన్నాళ్లు బండి ఎక్కనివ్వలేదు.

"జర ఆగక్కా. సార్లు ఉప్పల్ దాటిన్రట."

దాటలేదు. ఉప్పల్ రింగురోడ్డు మీద రాస్తారోకో. తెలంగాణ కావాలని జనం నడిరోడ్డు మీదే వంటావార్పూ పెట్టారు. సార్ల కార్లు ఏసీ వేసుకుని అక్కడే ఆగాయి. కనకరాజుకు ఆ సంగతి ఫోనులో ముందే తెలిసింది, తెలిసే అన్నాడు. కాసేపు నీడకు పొమ్మంటే సాలమ్మ వినలేదు, వరస పోతుందంది. అతనికి ఒళ్లు మండింది. ఆమె మీద, సార్ల మీద, అందరికంటే ఎక్కువ తన మీద.

ఎండ నడినెత్తి దాటాక సాలమ్మ గోడకు ఆనుకుంది. అట్లాగే కిందికి జారింది. కనకరాజు తాళం తీసి, దోసిట పట్టిన నీళ్లు ఆమె నోట్లో పోశాడు. అవి చెంప మీదుగా మట్టిలోకి కారిపోయాయి. ఆటోలో దవాఖానాకు తీసుకుపోయినవాళ్లు దారిలోంచే తిరిగొచ్చి, ఆమెను ఆమె గుడిసె ముందు దించి మొహం మీదికి కొంగు కప్పారు.

పొద్దు వాలే వేళకు కార్లొచ్చాయి. నల్లా కింద తడి చూసి, తాళం ఎవరు తీశారని మహిపాల్ సారు గద్దించాడు.

"నేనే దీసిన సార్. ఆలస్యంగ దీసిన."

రేపటినుంచి పనిలోకి రావద్దన్నాడు సారు. వరసలో రెండో ఆమెను ముందుకు పిలిచి ఫొటో తీయించాడు. కనకరాజు తాళంచెవి గోడ మీద పెట్టి, రోడ్డు దిక్కు నడిచాడు.

గోడ మొదట్లో, బిందె కింద నెత్తిన పెట్టుకోవడానికి సాలమ్మ చుట్టి తెచ్చుకున్న పాతచీర పేలిక పడి ఉంది, ఒక్క చుక్కకైనా తడవకుండా.