రెండు మేకులు

దిల్‌సుఖ్‌నగర్‌లో భిక్షపతి చీరల దుకాణానికి పోతే, గల్లా వెనక గోడకు రెండు మేకులు కనిపిస్తాయి. పోచంపల్లి నేతగాళ్లకు నూలు ఇచ్చినప్పుడల్లా పేరూ, చీర నేసి తేవాల్సిన గడువూ రాసిన చిట్టీని మొదటి మేకుకు గుచ్చుతాడు. గడువు దాటిన మర్నాడు అది రెండో మేకుకు పోతుంది. రెండో మేకు మీద పేరున్నవాడికి మళ్లీ నూలు ఇవ్వడు. ఇరవై రెండేళ్లలో ఈ లెక్క ఆయన చేత్తో ఎన్నడూ తప్పలేదు.

తప్పించేది భార్య ఆండాలు. ఆయన అన్నానికి పోయిన సమయం చూసి, రెండో మేకు చిట్టీలు తీసి మొదటిదానికి గుచ్చేది. అడిగితే, "వాళ్ల పిల్లకు జరమొచ్చిందట. జర ఆగరాదా, నీ సొమ్మేం పోతది" అనేది.

ఎనిమిది నెలల కింద ఆండాలుకు పక్షవాతం వచ్చింది. నడక కొంత తిరిగొచ్చింది, మాట రాలేదు. ప్రతి గురువారం ఎల్బీ నగర్‌లో మాట నేర్పే క్లినిక్‌కు తీసుకుపోతాడు. ఇంట్లో ఏదైనా మాట అన్నదా అని అక్కడి ఫారంలో ఒక ప్రశ్న. ఇంగ్లీషులో జవాబు రాయాలి. భిక్షపతి వారం వారం 'నాట్ యెట్' అని రాస్తున్నాడు.

పోయిన గురువారం మాట నేర్పే అలేఖ్య మెల్లగా చెప్పింది. "నెలాఖరుకి పెద్ద డాక్టరుగారు ఫారాలు చూస్తారండీ. ఆశ ఉన్నవాళ్లకే సీటు ఉంచుతారు. బయట పద్నాలుగు మంది ఎదురుచూస్తున్నారు."

బుధవారం సాయంత్రం ఫారం నింపుతుంటే, బ్యాంకు పరీక్షల కోచింగ్ నుంచి వచ్చిన కూతురు ప్రవీణ తొంగిచూసింది.

"ఏంది నాన్నా, ఇప్పటికి గూడ నాట్ యెట్టేనా?"

"తప్పా?"

"తప్పని కాదు. నాట్ యెట్ అంటే టైమున్నది, ఒస్తదని చూస్తున్నం. స్టిల్ నాట్ అంటే ఎప్పుడో రావాలె, టైము దాటింది, అయినా రాలే. మా కోచింగుల రోజు గిదే అడుగుతరు."

"మనం రెండిటికీ ఇంకా రాలే అనే అంటం గదా."

"మనకొకటే. పరీక్షల రెండు."

"రెండు మేకులన్నట్టు."

ప్రవీణ నాలుక కరుచుకుంది. "నేనేదో పరీక్ష లెక్క చెప్పిన నాన్నా. నువ్వెట్ల రాస్తే గట్ల రాయి."

ఆండాలు కుర్చీలో కూర్చొని ఎడమ చేత్తో తువ్వాలు మడతపెడుతోంది. "ఏం రాయమంటవ్?" అని అడిగాడు. ఆమె చూసింది. మళ్లీ మడతలోకి తల వంచింది.

భిక్షపతి లెక్క చూసుకున్నాడు. రావాల్సిన మాట ఆరు నెలల్లోనే చాలావరకు వస్తుందని దవాఖానలో మొదటే చెప్పారు. గడువు దాటి రెండు నెలలు. ఇంకొకరి చిట్టీ అయితే ఇంతసేపు చేతిలో పట్టుకునేవాడు కాదు. ఏడుపు వస్తుందేమోనని కొంచెం ఆగాడు. రాలేదు. 'స్టిల్ నాట్' అని రాశాడు. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా పడ్డాయి.

మర్నాడు అలేఖ్య ఫారం రెండుసార్లు చదివింది.

"ఇది చూస్తే సీటు తీసేస్తారండీ. కొత్త ఫారం ఇస్తాను, పాతదే రాయండి."

"ఉన్నదే రాసిన తల్లీ. గడువు దాటింది."

"అయితే వచ్చే గురువారమే ఆఖరు."

"సరే."

ఆండాలును ఆటోలో ఇంటికి తెచ్చాడు. చెప్పులు విప్పాడు, మంచినీళ్లు తాగించాడు, కొంగుతో మూతి తుడిచాడు. లోపల ఏమైనా కదులుతుందేమోనని చూసుకున్నాడు. బండెడు సరుకు దించేసిన గోదాములా ఉంది.

దుకాణం తెరిచాడు. రెండో మేకు మీద చిట్టీలు లావుగా పేరుకున్నాయి. ఎనిమిది నెలలుగా వాటిని మార్చే చెయ్యి లేదు. కాసేపు చూసి, మొత్తం ఊడదీశాడు. ఒక్కొక్కటే మొదటి మేకుకు గుచ్చాడు. అన్నిటికన్నా పాత చిట్టీ రామచంద్రానిది, ఆండాలుకు తమ్ముడి వరస. ఫోన్ చేశాడు.

"బావా, చీర కాలే. మొన్న మగ్గం అచ్చు విరిగింది, అవతల బిడ్డ వాసంతికి ఆపరేషన్..."

"కానియ్ తియ్. నూలున్నదా?"



"లేదు బావా."

"రేపొచ్చి తీస్కపో."

రామచంద్రం గొంతు ఒక్కసారి పెద్దదైంది. "బావా! అక్కకు మాటొచ్చిందా?"

"రాలే" అన్నాడు భిక్షపతి. "పొద్దుగాల్నే రా, పదింటికి గిరాకీ ఉంటది."