బండి గంప

"గది గాదే, ఆ మూట తే!" సదానందం వేలు ఇంటి దూలానికి వేలాడుతున్న ఒరుగుల మూట మీదే ఉంది.

నీలి చేతిలో టమాటా గంప అట్లాగే ఉండిపోయింది. తెల్లారకముందు వంచిన నడుము ఇంకా లేవలేదు. గూడూరు అవతలి ఈ తండాకు వచ్చే బండి సదానందానిదొక్కటే. కోసిన కూరగాయలు అంగడికి చేరాలంటే అది ఎక్కాల్సిందే. అందుకు కిరాయి కాక, కోత కోతకూ అతని ఇంటికి ఒక గంప ఊరికే పోవాలి. దాని పేరు బండి గంప.

ఎవరు పెట్టారీ ఆచారం? నీలి మామే. ఎండలో వచ్చాడు పాపమని ఒకనాడు పిడికెడు పచ్చిమిర్చి చేతిలో పోశాడు మహానుభావుడు. మరుసటి కోతకు సదానందం అడిగి తీసుకున్నాడు. ఆ తర్వాత అడగడం కూడా మానేశాడు. ఇప్పుడు టమాటాను అడిగే నాథుడు లేడు, ఆయనగారి కన్ను ఒరుగుల మీద పడింది.

చలికాలపు వంకాయ, చిక్కుడు, శివరాత్రి నాటి కాకర, మొన్నటి టమాటా. అన్నీ తరిగి, బండ మీద ఎండబెట్టి, కోతులను అదిలించి, మబ్బు పడితే ఉరికి ఎత్తుకున్నవి. వానలు పడి కొత్త కాపు వచ్చేదాకా పిల్లల పళ్లెంలో కూర అదే. పోయినేడు మూట ముందే అయిపోతే చిన్న కూతురు గోరీ, కారం మెతుకులు తినలేక ఏడ్చింది.

"అన్నా, గవి మా వానకాలం తిండి. టమాటాలు రెండు గంపలు తీస్కో."

"నీ టమాటాలు బర్రెలు గూడ ముట్టయి. మా కోడలు ఒరుగులంటే పడి సస్తది. జల్ది తే, లేకుంటే రేపటి సంది బండి రాదు."

నీలి మొగడు టీక్యా మూట విప్పబోయాడు. "ఇచ్చెయ్యరాదే. బండి రాకపోతే ఏం జేస్తం?"

నీలికి ఒళ్లు మండిపోయింది. మొగడి చెయ్యి పట్టి లాగేసింది. "మీ బాపు ఇచ్చింది పిడికెడు మిర్చి. గీయన నా పిల్లల నోటికాడికి వచ్చిండు. నేనియ్య!"

సదానందం నవ్వాడు. "మంచిది. ఎక్కించిన గంపలు దింపుకోండ్రి మరి."

బండి దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆనాటి కోతంతా వాకిట్లో కుప్పగా మిగిలింది. "తిను ఇగ, ఏడాదంత గివే తిను!" టీక్యా గంపను కాలితో తన్ని లోపలికి పోయాడు. పక్కింటి కాళి గుమ్మంలోంచి లేచి వచ్చింది.

"నీ నోరు పాడుగాను! రేపు మా వంకాయ ఎట్ల పోవాలె?"

నీలి కత్తిపీట వేసుకుని కూర్చుంది. కుప్పలోంచి ఒక కాయ తీసి ఒరుగులకు తరిగింది.

"నీకు కత్తిపీట లేదానే?"

కాళి ఇంటికి పోలేదు. ఉత్తరాన మబ్బు పట్టింది. బండ మీద ఇంకా చాలా జాగా ఖాళీగా ఉంది.