వంతెన దగ్గర ఆగిన పిల్ల

ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ చేసే పెద్దక్కకి మధ్యాహ్నం అరగంట తీరిక. గబగబా నాలుగు ముద్దలు మింగి, ఇటుకంత నవల తీసి గొంతెత్తి చదివేది. యుద్ధంలో చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయిన రొట్టెల కొట్టు కుటుంబం కథ. తొమ్మిది వందల పేజీలు. తోటి ఆడవాళ్లు చెవులు రిక్కించేవాళ్లు. నవల్లోని వాళ్లూ వచ్చి గోడవారగా కూర్చునేవాళ్లు. వాళ్లలో ముసలావిడకి మోకాళ్ల నొప్పులని స్టూలు వేసేవాళ్లు.

కొత్త సూపర్‌వైజరుకి ఇది కంటగింపైంది.

"పుస్తకమా, ఉద్యోగమా? తేల్చుకో."

"ఈ అరగంట నాది సార్," అని పెద్దక్క పేజీ తిప్పింది.

అతను పుస్తకం లాక్కుని సొరుగులో పడేసి తాళం వేశాడు. సరిగ్గా కథలో ఆ కుటుంబంలోని చిన్నమ్మాయి మందుల మూటతో వంతెన చేరితే, సైనికుడు తుపాకీ ఎత్తిన చోట.

కథ ఆగిపోయాక నవల్లోని వాళ్లు మాత్రం ఎక్కడికి పోతారు? లాండ్రీలోనే ఉండిపోయారు. ముసలావిడ వెళ్లి సూపర్‌వైజరు కుర్చీలో కూలబడింది.

"లేవండి మామ్మగారూ."

"సైన్యం వస్తేనే నా కొట్టులోంచి లేవలేదు. నీకు లేస్తానా నాయనా?"

చిన్నమ్మాయి తలుపు దగ్గర చలికి వణుకుతోంది. ఈ నవల ముందే చదివి ఇచ్చిన చెల్లెలు పెద్దక్కకి అప్పుడే ఏడుస్తూ చెప్పింది, "ఆ పిల్ల వంతెన దాటదక్కా" అని.

"ఎందుకు దాటదో నేనూ చూస్తా!" అంది ఇప్పుడు పెద్దక్క. అప్పుడే ఇస్త్రీ చేసిన తెల్లటి నర్సు కోటు వెచ్చవెచ్చగా ఆ పిల్లకి తొడిగి, మెడదాకా గుండీలు పెట్టింది.

నిలబడి నిలబడి కాళ్లు పీకేసి, మూడో రోజు సూపర్‌వైజరు దిగొచ్చి సొరుగు తాళం తీశాడు.

"ఇదిగో. చదివి వీళ్లని పంపించెయ్."

పెద్దక్క చేతులు కట్టుకుంది. "ఆపింది మీరు. మీరే చదవండి. గట్టిగా."

ఆడవాళ్లంతా ఇస్త్రీ పెట్టెలు పక్కన పెట్టేశారు. గత్యంతరం లేక అతను అందుకున్నాడు. మొదట పాఠం అప్పజెప్పినట్టు చదివాడు. వంతెన దగ్గరికొచ్చేసరికి పుస్తకం కళ్లకి దగ్గరగా లాక్కున్నాడు.

"తెల్లకోటు చూసి సైనికుడు తుపాకీ దించాడు. 'తొందరగా వెళ్లు నర్సమ్మా' అన్నాడు."

తలుపు దగ్గర పిల్ల లేదు. ముసలావిడ కళ్లొత్తుకుని, కుర్చీ ఖాళీ చేసి అతన్ని కూర్చోబెట్టింది.

పని గంట మోగింది. ఒక్కరూ కదల్లేదు.

"ఉండండమ్మా," అన్నాడు సూపర్‌వైజరు, తల ఎత్తకుండానే పేజీ తిప్పుతూ. "అవతలి గట్టున ఎవరో దీపం పట్టుకుని నిలబడ్డారు."